దిగుమతి సరుకు ప్యాకింగ్ మీద ‘తయారైన దేశం’: ఏ పొర మీద, ఎంత సైజులో, ఎవరు వేయాలి?

గోదావరి_ట్రేడ్స్

సిలికాన్ వంట గరిటెల సెట్, ఐదు పీసులది, చైనాలోని యీవూ నుంచి విశాఖ పోర్టుకు తెప్పించాలి. బ్రాండ్ పేరు మాదే, హైదరాబాద్‌లో రిజిస్టరైనది. ప్యాకింగ్ మూడు పొరలు: ఒక్కో గరిటెకు పాలీ కవరు, ఐదూ కలిపి రంగుల అట్టపెట్టె, 24 పెట్టెలకు ఒక మాస్టర్ కార్టన్. ఫ్యాక్టరీ వాళ్లు ‘మేడ్ ఇన్ చైనా’ అని కార్టన్ మీద మాత్రమే వేస్తామంటున్నారు. లోపలి పెట్టెల మీద ఇండియాలో స్టిక్కర్ వేసుకోండి, అందరూ అలాగే చేస్తారు అంటున్నారు.

నా ప్రశ్నలు ఇవి. కార్టన్ మీద ఉంటే చాలదా? స్టిక్కర్ చెల్లుతుందా, ప్రింటే కావాలా? అక్షరాల సైజు ఎంత? వచ్చే ఏడాది ఇదే సరుకు వియత్నాం నుంచి తీసుకునే ఆలోచన ఉంది, అప్పుడు డబ్బా మార్చాలా? అనుభవం ఉన్నవాళ్లు వివరంగా చెప్పగలరు.

తూనిక_కొలత

కార్టన్ మీద ఉంటే చాలదండి. కొనేవాడి చేతికి ఏ ప్యాకెట్ వెళ్తుందో దాని మీద ఉండాలి. మీ విషయంలో అది రంగుల అట్టపెట్టె.

ఆధారం లీగల్ మెట్రాలజీ (ప్యాకేజ్డ్ కమోడిటీస్) రూల్స్, 2011. అందులో 6వ రూలు రిటైల్ ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలు చెబుతుంది. 2017లో సవరించి 6(1)(ఏఏ) అనే క్లాజు చేర్చారు, 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దిగుమతి సరుకైతే అది పుట్టిన దేశం, లేదా తయారైన దేశం, లేదా బిగించిన దేశం పేరు ప్యాకెట్ మీద రాయాలని దాని సారాంశం.

మాస్టర్ కార్టన్ హోల్‌సేల్ ప్యాకేజీ కింద వస్తుంది, దానికి 24వ రూలు వేరే ఉంది: తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, సరుకు ఏమిటో, లోపల ఎన్ని రిటైల్ ప్యాకెట్లున్నాయో. కార్టన్ మీద దేశం పేరు వేయడం మంచిదే, కానీ అది పెట్టె మీద వేయనందుకు బదులు కాదు. తనిఖీకి వచ్చేవాళ్లు కార్టన్ విప్పి పెట్టెనే చేతిలోకి తీసుకుంటారు.

పాలీ కవరు సంగతి: ఒక్కో గరిటెనూ విడిగా అమ్మే ఉద్దేశం లేకపోతే కవరు మీద పూర్తి వివరాలు అవసరం లేదు. దుకాణదారు సెట్ విప్పి విడిగా అమ్మే అలవాటున్న సరుకైతే మాత్రం ఆలోచించాలి. అలాంటప్పుడు గరిటె పిడి మీదే దేశం పేరు అచ్చుపోయించడం అన్నిటికన్నా క్షేమం.

సైజు గురించి: సాధారణ ప్రింటుకు అక్షరం ఎత్తు 1 మిల్లీమీటరుకు తగ్గకూడదు. అచ్చులో పోసినా, ఉబ్బెత్తుగా చెక్కినా 2 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. అక్షరం వెడల్పు దాని ఎత్తులో మూడో వంతుకు తగ్గకూడదు. అందుకే డిజైనర్లు చోటు చాలక వాడే నొక్కిపెట్టిన ఫాంట్లు ప్రమాదం. ఎమ్మార్పీకి, నికర పరిమాణానికి ఇంతకన్నా పెద్ద సైజులుంటాయి, వాటికి 7వ రూలులోని పట్టిక విడిగా చూసుకోండి. భాష ఇంగ్లిషు గానీ దేవనాగరి లిపిలో హిందీ గానీ ఉండాలి. తెలుగు అదనంగా వేసుకోవచ్చు, తెలుగు ఒక్కటే అయితే చెల్లదు. చైనా లిపిలో మాత్రమే ఉన్న పెట్టెలు ఈ ఒక్క కారణంతోనే ఆగుతాయి.

సీహెచ్‌ఏ_విశాఖ

పై పోస్టుకు పోర్టు వైపు నుంచి కొంత చేర్చాలి.

ప్యాక్ చేసిన సరుకు దిగుమతైతే, దిగుమతిదారు పేరు చిరునామా, సరుకు సాధారణ పేరు, నికర పరిమాణం, నెల సంవత్సరం, ఎమ్మార్పీ వంటివి కస్టమ్స్ క్లియరెన్స్‌కు ముందే ప్యాకెట్ మీద ఉండాలని దిగుమతి విధానంలోని జనరల్ నోట్స్ చెబుతున్నాయి. కాబట్టి ‘గోడౌన్‌కు వచ్చాక తీరిగ్గా అంటిద్దాం’ అనేది మొదటి నుంచీ తప్పు లెక్క. అవుట్ ఆఫ్ ఛార్జ్ (కస్టమ్స్ చివరి విడుదల అనుమతి) రాకముందే పని పూర్తి కావాలి. లేబుల్ లేకుండా వస్తే సరుకును బాండెడ్ గిడ్డంగికి (సుంకం కట్టకముందు కస్టమ్స్ అదుపులో సరుకు ఉంచే చోటికి) మార్చి, అనుమతి తీసుకుని, అక్కడ అంటించాలి. ఆ పనికి కూలీ, గిడ్డంగి అద్దె, మళ్లీ పరీక్ష, కంటెయినర్ ఖాళీ చేసి తిప్పి పంపేదాకా షిప్పింగ్ లైన్ డిటెన్షన్ (కంటెయినర్ ఆలస్య రుసుము)... ఈ మొత్తం పక్కన ఫ్యాక్టరీలో పెట్టె మీద ఒక లైను ప్రింటు ఖర్చు లెక్కలోకే రాదు.

స్టిక్కర్ గురించి సూటిగా చెబుతాను. దిగుమతిదారు పేరు, ఎమ్మార్పీ, కస్టమర్ కేర్ నంబరు లాంటి ఇండియా వివరాలు లేబుల్‌గా అంటించడం రోజూ జరిగేదే. దేశం పేరు మాత్రం ఫ్యాక్టరీ ప్రింటుగానే ఉండాలని నా గట్టి సలహా. కారణం నమ్మకం. ముద్ర లేని పెట్టె, దాని మీద ఇక్కడ అంటించిన ‘చైనా’ స్టిక్కర్ చూస్తే పరీక్షించే అధికారికి మొదట వచ్చే ప్రశ్న: మూల దేశం ఎందుకు దాచారు? స్టిక్కర్ కింద ఇంకేదైనా ఉందా? ఆ ప్రశ్న ఒకసారి వచ్చాక పది పెట్టెలు చూసేవాళ్లు వంద చూస్తారు.

ఫ్యాక్టరీ ముందే ప్రింట్ చేసిన వివరాన్ని మార్చడానికి దాని మీద స్టిక్కర్ అంటించడం అసలే కుదరదు. 6(3) రూలు దాన్ని నిషేధిస్తుంది. ఎమ్మార్పీ తగ్గించేటప్పుడు మాత్రమే మినహాయింపు, అదీ పాత ధర కనబడేలా.

కాగితాల్లో చూసుకోవాల్సింది ఒకటుంది. బిల్ ఆఫ్ ఎంట్రీలో (కస్టమ్స్‌కు దాఖలు చేసే దిగుమతి పత్రంలో) సరుకు పుట్టిన దేశం, సరుకు పంపిన దేశం రెండు వేర్వేరు గడులు. చైనా సరుకు సింగపూర్ నుంచో దుబాయ్‌లోని జెబెల్ అలీ నుంచో ఓడెక్కితే పంపిన దేశం మారుతుంది, పుట్టిన దేశం మారదు. ఇన్వాయిస్ ఇచ్చిన కంపెనీ హాంకాంగ్‌లో ఉందని మూల దేశం హాంకాంగ్ అని నింపేస్తుంటారు. పెట్టె మీద చైనా, బిల్లులో హాంకాంగ్. అంతే, క్వెరీ సిద్ధం. ఇన్వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బిల్ ఆఫ్ ఎంట్రీ, పెట్టె నాలుగూ ఒకే మాట చెప్పాలి.

ఆన్‌లైన్_అమ్మకం

ఆన్‌లైన్‌లో కూడా అమ్మేట్టయితే 6(10) రూలు చూడండి. ప్యాకెట్ మీద ఉండాల్సిన వివరాలు లిస్టింగ్ పేజీలోనూ కనబడాలి, తయారైన నెల సంవత్సరం ఒక్కటే మినహాయింపు. దేశం పేరుకు మినహాయింపు లేదు. 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు కూడా అమ్మేవాడు ఈ వివరం ఇవ్వాలంటున్నాయి. ప్రభుత్వ కొనుగోళ్ల పోర్టల్ జెమ్‌లో 2020 జూన్ నుంచి ఇది తప్పనిసరి. దిగుమతి సరుకును దేశం వారీగా వెతుక్కునే ఫిల్టర్లు పెట్టాలంటూ 2025 నవంబరులో ఒక ముసాయిదా కూడా వచ్చింది.

వియత్నాంకు మారే ప్రశ్నకు వస్తాను. చాలామంది జారిపడేది ఇక్కడే. ఒకే బార్‌కోడ్, ఒకే లిస్టింగ్ కింద పాత చైనా సరుకు 400 సెట్లు గిడ్డంగిలో ఉండగానే కొత్త వియత్నాం సరుకు చేరుతుంది. లిస్టింగ్‌లో దేశం ‘వియత్నాం’ అని మారుస్తారు. గిడ్డంగి వాళ్లకు బార్‌కోడ్ తప్ప ఇంకేమీ తెలియదు, ఏది చేతికందితే అది పంపుతారు. కొన్నవాడు ఫోటో తీసి ఫిర్యాదు పెడితే తప్పు మీదే. దేశం మారితే ఎస్‌కేయూ (స్టాకులో సరుకును గుర్తించే మీ కోడ్) మార్చండి, బార్‌కోడ్ మార్చండి, లిస్టింగ్ కొత్తది పెట్టండి. రివ్యూలు పోతాయని బాధపడతారు, అయినా సరే.

‘మేడ్ ఇన్ చైనా ఆర్ వియత్నాం’ అని రెండూ కలిపి ప్రింట్ చేసి ఒకే డబ్బాను రెండు చోట్లా వాడుకుందామనే ఆలోచన కూడా వద్దు. చేతిలో ఉన్న ఈ వస్తువు ఎక్కడిదో కొనేవాడికి అది చెప్పదు.

గోదావరి_ట్రేడ్స్

చాలా ఉపయోగపడింది. బార్‌కోడ్ గురించి చిన్న సందేహం: మా బార్‌కోడ్ 890తో మొదలవుతుంది. చైనా సరుకు మీద 890 ఉంటే తప్పా?

ఆన్‌లైన్_అమ్మకం

తప్పు కాదు. మొదటి మూడు అంకెలు ఆ నంబరు ఏ దేశపు జీఎస్‌1 (బార్‌కోడ్ నంబర్లు ఇచ్చే) సంస్థ దగ్గర తీసుకున్నారో మాత్రమే చెబుతాయి. హైదరాబాద్ కంపెనీకి 890 వస్తుంది, సరుకు ఎక్కడ తయారైనా సరే. 690 నుంచి 699 ఉంటే చైనా సరుకు, 890 అయితే మనదే అని వాట్సాప్‌లో తిరిగేది వట్టి మాట. అయితే దీనికి ఇంకో వైపుంది: 890 ఉంది కదా, దేశం తెలిసిపోతుంది అని ఎవరూ వాదించలేరు. దేశం పేరు అక్షరాల్లో రాయాల్సిందే.

లేబుల్_ప్రింటింగ్

చట్టం సంగతి పెద్దలు చెప్పారు, నేను లేబుల్ నిలబడే సంగతి చెబుతాను. నిబంధన ప్రకారం వేసిన స్టిక్కర్ దుకాణం చేరేలోపు రాలిపోతే అది లేనట్టే లెక్క.

సిలికాన్‌కు మామూలు జిగురు అంటదు. సిలికాన్ పూసిన కాగితం మీద నుంచే కదా మనం స్టిక్కర్లు ఊడదీసేది! కాబట్టి గరిటె మీద నేరుగా స్టిక్కర్ అనే మాట మరిచిపోండి. అచ్చులోనే అక్షరాలు చెక్కించండి. కొత్త అచ్చు తయారు చేయించేటప్పుడు అడిగితే చిన్న పని. అచ్చు అయిపోయాక అడిగితే మళ్లీ విప్పి చెక్కాలి, అప్పుడు డబ్బూ రోజులూ పోతాయి. నైలాన్ లేదా చెక్క పిడి ఉంటే లేజర్ మార్కింగ్ సరిపోతుంది.

పాలీప్రొపిలీన్, పాలిథిన్ కవర్లకు జిగురు సరిగా పట్టదు. వాటికి రబ్బరు ఆధారిత జిగురున్న ఫిల్మ్ లేబుల్ అడగండి. అట్టపెట్టె మీద మెరిసే లామినేషన్ ఉంటే కాగితం లేబుల్ అంచులు లేచిపోతాయి. పెద్ద ఆర్డరుకు ముందు 20 పెట్టెలకు అంటించి, ఒక రోజంతా ఎండ తగిలే రేకుల షెడ్డులో ఉంచి, గోటితో లాగి చూడండి. లేబుల్ చిరగకుండా మొత్తం ఊడివస్తే ఆ జిగురు పనికిరాదు.

ఇంకో పొరపాటు: డైరెక్ట్ థర్మల్ ప్రింటర్‌తో లేబుళ్లు వేయడం. కొరియర్ చిరునామాకు అది చాలు, సంవత్సరంపాటు అలమరలో ఉండే సరుకుకు చాలదు. వేడికి కాగితం నల్లబడుతుంది, రాపిడికి అక్షరం తెల్లబడుతుంది. థర్మల్ ట్రాన్స్‌ఫర్ ప్రింటర్, ఫిల్మ్ లేబుల్‌కు రెసిన్ రిబ్బన్, కాగితానికి వ్యాక్స్-రెసిన్ వాడండి.

ష్రింక్ ర్యాప్ వేస్తే లేబుల్ దాని కింద పోయినా ఫర్వాలేదు, చదవగలిగితే చాలు. అతుకు గీత సరిగ్గా దేశం పేరు మీదికి వచ్చి అక్షరాలు నలగకుండా చూసుకోండి.

ఆహార_దిగుమతి

తినే వస్తువులైతే నియమాలు ఇంకా బిగువు. ఈ దారం చదివేవాళ్లలో చాక్లెట్, బిస్కెట్, సాస్ తెప్పించేవాళ్లు ఉంటారు కాబట్టి చెబుతున్నాను.

ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) లేబులింగ్ అండ్ డిస్‌ప్లే నిబంధనలు, 2020 ప్రకారం దిగుమతి ఆహారం మీద మూల దేశం తప్పనిసరి. సరుకు రెండో దేశంలో ప్రాసెసింగ్ జరిగి దాని స్వభావమే మారిపోతే ఆ రెండో దేశమే మూల దేశం. ఘనాలో పండిన కోకో గింజలు బెల్జియంలో చాక్లెట్ అయితే మూల దేశం బెల్జియం. అదే చాక్లెట్ దుబాయ్ చేరి చిన్న ప్యాకెట్లలోకి మారితే? ప్యాకెట్ మారింది, చాక్లెట్ మారలేదు. బెల్జియమే రాయాలి. ప్యాకింగ్ చేసిన చోటు వేరే లైనులో రాసుకోవచ్చు.

ఇప్పుడు అసలు చిక్కు. దిగుమతి నిబంధనలు, 2017లో కొన్ని లేబుల్ లోపాలను పోర్టులోనే బాండెడ్ గిడ్డంగిలో సరిదిద్దుకోనిస్తారు: దిగుమతిదారు పేరు చిరునామా, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లోగో, లైసెన్స్ నంబరు, శాకాహార మాంసాహార గుర్తు, ప్రొప్రైటరీ ఆహారానికి (నిర్ణీత ప్రమాణం లేని సొంత తయారీకి) దాని వర్గం, పేరు, స్వభావం, కూర్పు. ఇవన్నీ ఊడిరాని ఒకే స్టిక్కర్ మీద, అసలు లేబుల్‌ను కప్పకుండా, ముఖ్య ప్యానెల్ పక్కన వేయాలి. ఆ జాబితాలో మూల దేశం లేదు. పదార్థాల జాబితా లేదు, బ్యాచ్ నంబరు లేదు, గడువు తేదీ లేదు. అవి తయారీదారు లేబుల్ మీదే రావాలి. సిలికాన్ గరిటె సరుకులో చెల్లిన సర్దుబాటు చాక్లెట్‌లో చెల్లదు. లేకపోతే అనుమతి నిరాకరిస్తారు, తర్వాత మిగిలేది వెనక్కి పంపడమో ధ్వంసం చేయడమో.

మరో జాగ్రత్త. క్లియరెన్స్ సమయానికి మొత్తం షెల్ఫ్ లైఫ్‌లో 60 శాతం లేదా గడువుకు మూడు నెలలు, ఏది తక్కువైతే అది మిగిలుండాలి. లేబుల్ గొడవలో సరుకు పోర్టులో కూర్చుంటే ఈ గడియారం ఆగదు.

బేగంబజార్_డ్రైఫ్రూట్స్

మూటల్లో దిగుమతై ఇక్కడ చిన్న ప్యాకెట్లుగా మారే సరుకు సంగతేమిటండీ? బాదం కాలిఫోర్నియాది ఉంటుంది, ఆస్ట్రేలియాది ఉంటుంది. పిస్తా ఇరాన్‌ది, అమెరికాది. పౌచ్ మీద ఏం రాయాలి?

తూనిక_కొలత

25 కిలోలకు మించిన మూటలు, పరిశ్రమలకో సంస్థలకో నేరుగా పోయే సరుకు ఈ రిటైల్ వివరాల అధ్యాయం కిందికి రావు, 3వ రూలు చూడండి. కానీ మీరు దాన్ని 250 గ్రాముల పౌచ్‌లో వేసిన క్షణం అది రిటైల్ ప్యాకెట్, మీరు ప్యాకర్. మీ పేరు, చిరునామా, ప్యాకర్‌గా 27వ రూలు కింద రిజిస్ట్రేషన్ అన్నీ వర్తిస్తాయి. బాదం గింజ పౌచ్‌లో పడ్డంత మాత్రాన ఇండియాది కాదు. ‘మూల దేశం: అమెరికా, ప్యాక్ చేసింది: ఫలానా, హైదరాబాద్’ అని రెండు లైన్లుగా విడదీసి రాయండి. ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని మాత్రం రాయకండి. సరుకు పుట్టిన దేశం గురించి అబద్ధపు మాట రాస్తే ట్రేడ్ మార్క్స్ చట్టం, 1999 ప్రకారం కూడా అది తప్పుడు వాణిజ్య వర్ణన.

లేబుల్_ప్రింటింగ్

దీనికి ప్రింటింగ్‌లో తేలికైన దారి ఉంది. పౌచ్ మీద దేశం పేరు ముందే అచ్చు వేయించకండి. ‘మూల దేశం’ అని ముద్రించి, పక్కన తేదీ, బ్యాచ్, ఎమ్మార్పీ వేసే తెల్లటి కిటికీని కొంచెం పెంచి, దేశం పేరు కూడా అదే కోడింగ్ మెషీన్‌తో వేయండి. లాట్ మారినప్పుడల్లా మెషీన్‌లో మాట మారుతుంది, పౌచ్ స్టాకు వృథా కాదు. ఇంక్‌జెట్ చుక్కల అక్షరాలు 1 మిల్లీమీటరు అంచున చదవడానికి కష్టం, 2 నుంచి 3 పెట్టుకోండి. మెరిసే లామినేట్ మీద ఇంకు అరచేతితో రుద్దితే చెరగకూడదు, దానికి తగిన సాల్వెంట్ ఇంకు అడగాలి.

ఆపరేటర్ లాట్ మార్చి దేశం మార్చడం మరిచిపోవడమే ఇందులో పెద్ద ప్రమాదం. బ్యాచ్ కోడ్‌లోనే దేశం అక్షరాలు కలిపేస్తే, ఉదాహరణకు యూఎస్ లేదా ఏయూ, ఒకటి మారి ఇంకొకటి మారకపోతే వెంటనే కంటబడుతుంది.

సీహెచ్‌ఏ_విశాఖ

డ్రైఫ్రూట్స్ వాళ్లకు ఒక ప్రత్యేక హెచ్చరిక. 2025 మే 2 నుంచి పాకిస్థాన్‌లో పుట్టిన సరుకు, అక్కడి నుంచి ఎగుమతైన సరుకు నేరుగా వచ్చినా, వేరే దేశం మీదుగా వచ్చినా పూర్తిగా నిషేధం. అంతకు ముందు 2019 ఫిబ్రవరి నుంచి 200 శాతం సుంకం ఉండేది. ఎండు ఖర్జూరం గల్ఫ్ మీదుగా వచ్చినప్పుడు సంచి మీది మూల దేశం నిజమా కాదా అని పనిగట్టుకుని చూస్తారు. సంచి మీద కొత్తగా కుట్టిన చీటీ, పాత ముద్ర గీకేసిన జాడ కనిపిస్తే సరుకు జప్తు దాకా పోతుంది. సప్లయర్ దగ్గర ఫైటోశానిటరీ (మొక్కల ఆరోగ్య) సర్టిఫికెట్ అసలు ఏ దేశం ఇచ్చిందో, రీ-ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ ఎవరిదో ముందే అడిగి చూడండి.

గోదావరి గారు వియత్నాం అన్నారు కాబట్టి ఇది కూడా. ఆసియాన్ (ఆగ్నేయాసియా దేశాల కూటమి) ఒప్పందం కింద సుంకం రాయితీ తీసుకుంటే మూల దేశ ధ్రువపత్రం ఉంటే చాలనే రోజులు పోయాయి. 2020 సెప్టెంబరు 21 నుంచి కారోటార్ నియమాలున్నాయి, అంటే రాయితీ కోరే సరుకు మూల దేశం నిరూపించే కస్టమ్స్ నియమాలు. సరుకు వియత్నాంలో నిజంగా తయారైందని చూపే సమాచారం, అంటే ముడిసరుకు ఎక్కడిది, అక్కడ జోడైన విలువ ఎంత, ఏ ప్రక్రియ జరిగింది, దిగుమతిదారు దగ్గరే ఉండాలి. ఐదేళ్లు భద్రపరచాలి. ఆసియాన్ ఒప్పందంలో సాధారణ కొలత ఎఫ్‌ఓబీ విలువలో (ఓడకెక్కించేదాకా అయిన సరుకు విలువలో) 35 శాతం ప్రాంతీయ విలువ, దాంతోపాటు టారిఫ్ ఉపశీర్షిక (కస్టమ్స్ వర్గీకరణ కోడ్) మారడం.

దీనికీ ప్యాకింగ్‌కూ సంబంధం ఏమిటంటే: ధ్రువపత్రంలో వియత్నాం, పెట్టె మీద వియత్నాం, లోపలి పాలీ కవరు మీద చిన్న అక్షరాల్లో ‘మేడ్ ఇన్ చైనా’. కవరు చైనాది కావచ్చు, గరిటె వియత్నాంది కావచ్చు. పరీక్షలో దాన్ని ఎవరు నమ్ముతారు? రాయితీ ఆగుతుంది, విచారణ మొదలవుతుంది. ప్యాకింగ్ సామగ్రి తయారీదారు వేసే ముద్రలను తీసేయించమని కొనుగోలు ఆర్డర్‌లోనే రాయండి.

ఎడిసన్_కిరాణా

ఇదే సమస్య తిరగేసి మా దగ్గర ఉంది. గుంటూరు కారం, దుగ్గిరాల పసుపు, ఆవకాయ అమెరికాకు పంపే తెలుగువాళ్లు చాలామంది ఇది చదువుతుంటారు కాబట్టి అమెరికా నియమం చెబుతాను.

ఇక్కడ ఆధారం 1930 టారిఫ్ చట్టం 304వ సెక్షన్, వివరాలు కస్టమ్స్ నిబంధనల 134వ భాగంలో. విదేశీ వస్తువు, లేదా దాని ప్యాకింగ్, మూల దేశం ఇంగ్లిషు పేరును స్పష్టంగా, చెరగకుండా, వస్తువు స్వభావం అనుమతించినంత శాశ్వతంగా చూపాలి. ఎవరికి చూపాలి? దిగుమతైన రూపంలోనే దాన్ని అందుకునే చివరి కొనుగోలుదారుకు. పచ్చడి సీసా ఇంటికి కొనుక్కెళ్లే మనిషి ఆ చివరి కొనుగోలుదారు, కాబట్టి సీసా మీదే ఉండాలి.

మనవాళ్లు తరచూ తప్పేది 134.46 దగ్గర. లేబుల్ మీద ‘డిస్ట్రిబ్యూటెడ్ బై’ అని న్యూజెర్సీ చిరునామా పెద్దగా వేస్తారు, ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ అని వెనక మూల చిన్నగా వేస్తారు. అమెరికా ఊరి పేరు చూసి కొనేవాడు పొరబడే అవకాశం ఉంటే, ‘మేడ్ ఇన్’ లేదా ‘ప్రొడక్ట్ ఆఫ్’ అనే మాటతో దేశం పేరు ఆ చిరునామాకు దగ్గర్లోనే, కనీసం దానికి సమానమైన సైజులో ఉండాలి. చిరునామా ముందు వైపు ఒకసారి, వెనక ఒకసారి ఉంటే రెండు చోట్లా చూసుకోవాలి. తేలిక మార్గం: చిరునామాను ఒక్కచోటే వేయండి, దాని కింది లైనే ‘ప్రొడక్ట్ ఆఫ్ ఇండియా’ చేయండి.

ముద్ర లేకపోతే 4647 ఫారం వస్తుంది: ముద్ర వేయండి, లేదా సరుకు తిరిగి ఇవ్వండి అని. వేయకపోతే, ఎగుమతి చేయకపోతే, ధ్వంసం చేయకపోతే సరుకు విలువ మీద 10 శాతం మార్కింగ్ డ్యూటీ, మామూలు సుంకానికి అదనంగా. 10 శాతం కట్టేసి ముద్ర లేకుండా అమ్ముకుందామంటే కుదరదు, కట్టినా ముద్ర వేసే బాధ్యత పోదు.

బేగంబజార్_డ్రైఫ్రూట్స్

25 కిలోల కారం సంచి పంపి అక్కడ చిన్న ప్యాకెట్లు చేస్తే?

ఎడిసన్_కిరాణా

అప్పుడు వర్తించేది 134.25 నిబంధన. రీప్యాక్ చేసే దిగుమతిదారు పోర్టుకు ధ్రువీకరణ ఇవ్వాలి: కొత్త ప్యాకెట్ మీద మూల దేశం దాచను, తప్పనిసరిగా వేస్తాను అని. వేరే వాళ్లకు అమ్మి వాళ్లు రీప్యాక్ చేస్తే, ఈ బాధ్యత గురించి వాళ్లకు రాతపూర్వక నోటీసు ఇవ్వాలి. హోటల్ వాళ్లు అదే సంచి విప్పి వంటలో వాడుకుంటే వాళ్లే చివరి కొనుగోలుదారు, సంచి మీది ముద్ర చాలు.

విడిగా ముద్ర వేయలేని వస్తువులకు ‘జే-లిస్టు’ అనే మినహాయింపు జాబితా ఉంది: సహజ స్థితిలో ఉన్న కాయలు, పళ్లు, కూరగాయలు, కోసిన పూలు, గుడ్లు వంటివి. ప్రతి పండుకూ ముద్ర అక్కర్లేదు, కానీ అది వచ్చే డబ్బా లేదా కవరుకు కావాలి.

డబ్బా విషయంలో ఒక సూక్ష్మం. ఖాళీ అయ్యాక పారేసే పౌచ్, గాజు సీసా అయితే లోపలి సరుకు దేశం రాస్తే చాలు. మిఠాయి పెట్టి పంపే స్టీలు డబ్బాలాగా మళ్లీ మళ్లీ వాడుకునేదైతే డబ్బా కూడా ఒక వస్తువే. దానికి విడిగా ‘కంటెయినర్ మేడ్ ఇన్ ఇండియా’ లాంటి ముద్ర ఉండాలి. డబ్బా చైనాది, మిఠాయి మనదైతే రెండూ విడివిడిగా రాయాలి, ఏది దేని గురించో తెలిసేలా. హాంకాంగ్‌లో తయారైన డబ్బా అయితే అమెరికాలో ‘చైనా’ అనే రాయాలి, 2020 నుంచి.

పొట్టి పేర్లు కూడా ఎక్కడపడితే అక్కడ చెల్లవు. ఏ దేశమో నిస్సందేహంగా తెలిసేవే ఒప్పుకుంటారు. ‘ఈయూ’ అంటే దేశం కాదు, అది చెల్లదు.

సీహెచ్‌ఏ_విశాఖ

అమెరికా ప్రస్తావన వచ్చింది కాబట్టి: మన దేశం నుంచి పోత ఇనుము మ్యాన్‌హోల్ మూతలు పంపేవాళ్లకు అక్కడ మరీ కచ్చితమైన నియమం ఉంది. దేశం పేరు పై ముఖం మీదే, అచ్చుపోతగానో చెక్కుడుగానో ఉండాలి. పెయింటు, స్టిక్కర్ చెల్లవు. రోడ్డులో బిగించాక కూడా కనబడాలన్నది ఉద్దేశం.

గోదావరి_ట్రేడ్స్

పెట్టె వెనక ప్యానెల్‌కు ఇలా రాశాను, చూసి చెప్పండి.

‘సిలికాన్ వంట గరిటెల సెట్. నికర పరిమాణం: 5. తయారైన నెల, సంవత్సరం. ఎమ్మార్పీ అన్ని పన్నులతో. దిగుమతి చేసి అమ్మేవారు: సంస్థ పేరు, హైదరాబాద్ చిరునామా. కస్టమర్ కేర్ ఫోను, ఈమెయిల్. డిజైన్డ్ ఇన్ ఇండియా. మేడ్ ఇన్ పీఆర్‌సీ.’

ముందు వైపు బ్రాండ్ పేరు, చార్మినార్ బొమ్మ ఉంటాయి.

తూనిక_కొలత

మూడు మార్పులు. ‘పీఆర్‌సీ’ తీసేసి ‘చైనా’ అని పూర్తి పేరు రాయండి. నియమం అడిగేది దేశం పేరు, కొనేవాడికి ఆ మూడక్షరాలు ఏ దేశమో తెలియక్కర్లేదు. ‘డిజైన్డ్ ఇన్ ఇండియా’ నిజమైతే ఉంచుకోండి, కానీ ‘మేడ్ ఇన్ చైనా’ కన్నా పెద్దగా, దాని కన్నా పైన ఉండకూడదు. చట్టంలో ఈ పోలిక అక్షరాలా రాసి లేదు, అయినా చార్మినార్ బొమ్మ, హైదరాబాద్ చిరునామా, ఇండియా డిజైన్ మూడూ ఒకే పెట్టె మీద ఉంటే కొనేవాడు ఇక్కడి సరుకే అనుకుంటాడు. ఆ భావన కలిగించే పెట్టెను మీరే ఆమోదించకూడదు. చార్మినార్ బొమ్మ తీసేస్తే ఇంకా మంచిది. మూడోది, యూనిట్ సేల్ ప్రైస్ లేదు. అది కూడా కావాలి. సెట్ ధరను ఐదుతో భాగించి ఒక్కోదాని ధర పక్కన వేయండి.

27వ రూలు కింద దిగుమతిదారుగా రిజిస్ట్రేషన్ ఇంకా తీసుకోకపోతే, పని మొదలైన 90 రోజుల్లోపు దరఖాస్తు చేయాలి. రుసుము 500 రూపాయలు.

లేబుల్_ప్రింటింగ్

ఫైల్ పంపేటప్పుడు ఫాంట్లను కర్వ్స్‌గా (అక్షరాల ఆకారపు గీతలుగా) మార్చి పంపండి. అక్కడి కంప్యూటర్‌లో ఫాంట్ లేకపోతే వాళ్లది దూరి అక్షరాలు సన్నబడతాయి, 1 మిల్లీమీటరు కాస్తా 0.8 అవుతుంది. ప్రింటు పెట్టె ఒకటి కొరియర్‌లో తెప్పించి స్కేలు పెట్టి కొలవండి. ఫోన్‌లో వచ్చిన ఫోటో చూసి ఆమోదించకండి.

సీహెచ్‌ఏ_విశాఖ

ఆ ఆమోదించిన పెట్టెలు రెండు సంతకం చేసి ఉంచండి, ఒకటి ఫ్యాక్టరీ దగ్గర, ఒకటి మీ దగ్గర. లోడింగ్‌కు ముందు కార్టన్లలో వరసకొకటి తెరిపించి పెట్టె వెనక వైపు, పాలీ కవరు, గరిటె పిడి ముద్ర ఫోటోలు తీయించండి. బిల్ ఆఫ్ ఎంట్రీ వేసే ముందు ఆ ఫోటోలు మీ సీహెచ్‌ఏకు (కస్టమ్స్ ఏజెంటుకు) పంపితే లేబుల్ క్వెరీకి జవాబు అప్పటికే చేతిలో ఉంటుంది. సిలికాన్ గరిటెల హెచ్‌ఎస్ కోడ్‌కు (కస్టమ్స్ వర్గీకరణ నంబరుకు) బీఐఎస్ క్వాలిటీ కంట్రోల్ ఆర్డర్ (నాణ్యతా ప్రమాణాన్ని తప్పనిసరి చేసే ఉత్తర్వు) ఏదైనా వర్తిస్తుందేమో ఆర్డరుకు అడ్వాన్సు ఇవ్వకముందే అడిగి తేల్చుకోండి, ఆ జాబితా తరచూ పెరుగుతోంది.